లా స్కూల్ మారితే క్లినిక్, జర్నల్, ఉద్యోగం అన్నీ పోతాయా? ట్రాన్స్‌ఫర్ మీద తిరుగుతున్న సందేశానికి ఖండన

అమెరికాలో జేడీ (మూడేళ్ల లా డిగ్రీ) మొదటి ఏడాది పరీక్షలు ముగిసే మే నెలలో మన తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతుంటుంది. సారాంశం ఇది: “మంచి గ్రేడ్లు వచ్చాయి కదా అని పిల్లల్ని పెద్ద లా స్కూలుకు మార్చకండి. మొదటి ఏడాది క్రెడిట్లు సగం పోతాయి. క్లినిక్‌లో సీటుండదు. లా రివ్యూ ఉండదు. వాళ్లు చేరేసరికి ఉద్యోగాల ఇంటర్వ్యూలు అయిపోతాయి. ఎఫ్-1 వీసా అయితే సీపీటీ కోసం మళ్లీ ఏడాది ఆగాలి. చివరికి మిగిలేది డిగ్రీ మీద పేరు ఒక్కటే.”

క్లినిక్ అంటే అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు నిజమైన క్లయింట్ల కేసులు చూసే కోర్సు. లా రివ్యూ విద్యార్థులు నడిపే న్యాయ పత్రిక. సీపీటీ అంటే ఎఫ్-1 విద్యార్థులు చదువులో భాగంగా పనిచేయడానికి ఇచ్చే అనుమతి. ఈ సందేశంలో ప్రతి వాక్యం వెనకా కొంత నిజం ఉంది కాబట్టే ఇది ఇంతగా పాకింది. కానీ నిబంధనల పుస్తకం తెరిచి చూస్తే, ట్రాన్స్‌ఫర్ అయినందుకు విద్యార్థి అర్హత కోల్పోయే అవకాశాలు చాలా తక్కువ. దెబ్బ తగిలేది క్యాలెండర్ దగ్గర. క్లినిక్ దరఖాస్తులు, కోర్సుల నమోదు మార్చి, ఏప్రిల్‌లో జరుగుతాయి. ట్రాన్స్‌ఫర్ సీటు ఖాయమయ్యేది జూన్, జులైలో. ఈ మూడు నెలల తేడాను ఎలా పూడ్చుకోవాలో చెప్పాల్సింది పోయి, సందేశం అసలు కదలొద్దంటోంది. ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

“మొదటి ఏడాది క్రెడిట్లు సగం పోతాయి”

పోవు. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ఒక స్కూలు నుంచి అదే గుర్తింపు ఉన్న మరో స్కూలుకు వెళ్తే, మొదటి ఏడాది చదివిన 28 నుంచి 32 క్రెడిట్లను కొత్త స్కూలు సాధారణంగా పూర్తిగా తీసుకుంటుంది. వెంట రానిది గ్రేడు. ఆ కోర్సులు కొత్త ట్రాన్‌స్క్రిప్టులో ఉత్త క్రెడిట్లుగా కనిపిస్తాయి, జీపీఏ రెండో ఏడాది నుంచి మొదలవుతుంది. ‘సగం పోతాయి’ అన్న భయం ఇక్కడే పుట్టి ఉండాలి. గుర్తింపు లేని స్కూలు నుంచో, విదేశీ లా కాలేజీ నుంచో వచ్చేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో మూడో వంతుకు మించి ఇవ్వడానికి లేదు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో లా చదివి, అమెరికాలో ఎల్ఎల్ఎం (లాలో మాస్టర్స్) చేస్తూ జేడీలోకి మారదామనుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఎల్ఎల్ఎంలో చదివిన ప్రతి కోర్సూ లెక్కలోకి రాదు. జేడీ విద్యార్థులతో కలిసి కూర్చుని, వాళ్లతో పోల్చదగిన పద్ధతిలో గ్రేడు పొందిన జేడీ కోర్సులే పరిశీలనకు వస్తాయి. ఎల్ఎల్ఎం వాళ్ల కోసమే నడిపే ప్రత్యేక కోర్సులతో ఏడాది నింపేసుకుంటే, మారేటప్పుడు చేతిలో ఏమీ మిగలదు. ఆ ఆలోచన ఉన్నవాళ్లు మొదటి సెమిస్టర్ నమోదు నాడే కోర్సులు చూసి ఎంచుకోవాలి.

క్రెడిట్లు పోకపోయినా లెక్క మాత్రం బిగుసుకుంటుంది. బార్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం జేడీకి కనీసం 83 క్రెడిట్లు కావాలి. చాలా స్కూళ్లు అంతకంటే కొంచెం ఎక్కువే అడుగుతాయి. 86 అనుకుందాం. 30 తెచ్చుకుంటే మిగిలేవి 56. నాలుగు సెమిస్టర్లకు పంచితే సెమిస్టర్‌కు 14. చూడ్డానికి హాయిగానే ఉంటుంది. చిక్కొచ్చేది రెండు స్కూళ్ల మొదటి ఏడాది పాఠ్యక్రమాలు కలవనప్పుడు. పాత స్కూలు రాజ్యాంగ చట్టాన్ని రెండో ఏడాదిలో పెట్టి, కొత్త స్కూలు మొదటి ఏడాదిలోనే చెప్పేస్తే, ఆ నాలుగు క్రెడిట్ల కోర్సును మన విద్యార్థి జూనియర్లతో కలిసి చదవాలి. ఆ క్లాసు వేళలు సరిగ్గా క్లినిక్ సెమినార్ వేళల మీదే పడ్డాయంటే ఆ సెమిస్టర్‌కు క్లినిక్ లేనట్టే. అందుకని సీటు ఖాయమవగానే మొదట చేయాల్సింది రెండు స్కూళ్ల మొదటి ఏడాది కోర్సుల జాబితాలను పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న వాటి గురించి రిజిస్ట్రార్‌ను ఈమెయిల్‌లో అడగడం. నోటిమాట చాలదు.

వెనకబడ్డ క్రెడిట్లను ఒకే సెమిస్టర్‌లో ఎక్కువ తీసుకుని సర్దేద్దామన్నా కుదరదు. డిగ్రీకి కావలసిన మొత్తంలో 20 శాతానికి మించి ఏ సమయంలోనూ నమోదు కానివ్వరు. 86 అయితే ఆ గీత 17 దగ్గర పడుతుంది. పార్ట్‌టైమ్ నుంచి ఫుల్‌టైమ్‌కు మారి 20, 22 క్రెడిట్లతో వచ్చేవాళ్లకు ఇది గట్టిగా తగులుతుంది. ప్రతి సెమిస్టర్‌లోనూ 16, 17 క్రెడిట్లు లాగలేకపోతే వాళ్లకు ఒక వేసవి సెషన్ తప్పదు.

“క్లినిక్‌లో సీటుండదు, ప్రాక్టికల్ ట్రైనింగ్ పోయినట్టే”

సందేశంలో అన్నిటికంటే నష్టం చేసే మాట ఇదే. డిగ్రీ రావాలంటే ఎవరికైనా కనీసం 6 క్రెడిట్ల అనుభవ కోర్సులు తప్పనిసరి, ట్రాన్స్‌ఫర్ విద్యార్థి అందుకు మినహాయింపు కాదు. కాబట్టి వాళ్లకు దారి చూపించక స్కూలుకు గత్యంతరం లేదు. ఆ దారులు మూడు: లా క్లినిక్, ఫీల్డ్ ప్లేస్‌మెంట్ (స్కూలు బయట కోర్టులోనో, లాయర్ల ఆఫీసులోనో పని), సిమ్యులేషన్ కోర్సు (కల్పిత కేసుల మీద సాధన). వాదన, సంప్రదింపులు, డ్రాఫ్టింగ్ లాంటివి మూడోదాని కిందికి వస్తాయి.

క్లినిక్‌ల ఎంపిక వసంతంలోనే ముగుస్తుందన్నది నిజమే. అయితే ఏప్రిల్‌లో సీటు వచ్చిన వాళ్లంతా ఆగస్టులో నిలబడరు. ఉద్యోగాలు మారతాయి, టైమ్‌టేబుళ్లు తారుమారవుతాయి. మొదటి వారంలో, కోర్సులు కలుపుకునే, వదులుకునే గడువులో ఖాళీలు బయటపడతాయి. వెయిటింగ్ లిస్టులో పేరున్నవాళ్లకే అవి అందుతాయి. స్కూలు లాగిన్ వచ్చేదాకా ఆగకుండా, అడ్మిషన్ ఉత్తరం జతచేసి క్లినిక్ ఆఫీసుకు రాయాలి. రెజ్యుమే, ఎంచుకున్న క్లినిక్‌లు వరస క్రమంలో, మాట్లాడగల భాషలు అందులో ఉండాలి. తెలుగు, హిందీ వచ్చని తప్పక రాయండి. ఇమిగ్రేషన్ క్లినిక్‌లో, గృహహింస కేసులు చూసే క్లినిక్‌లో అది నిజమైన అర్హత. మొదటి సెమిస్టర్‌లో దొరక్కపోతే వసంత సెమిస్టర్ దరఖాస్తులు సాధారణంగా అక్టోబరులోనే తెరుస్తారు. అప్పటికి కొత్త స్కూలు గ్రేడు ఒక్కటీ చేతిలో ఉండదు కాబట్టి పాత స్కూలు ప్రొఫెసర్ సిఫారసు సిద్ధంగా ఉంచుకోవాలి.

క్లినిక్‌లో చేరినా కోర్టులో నిలబడలేకపోయేవాళ్లు కొందరుంటారు. విద్యార్థి ప్రాక్టీసు అనుమతికి ప్రతి రాష్ట్రంలోనూ షరతులున్నాయి. కాలిఫోర్నియాలో ఒక పూర్తి సంవత్సరం లా చదివి ఉండాలి. సివిల్ ప్రొసీజర్ (సివిల్ కేసుల విధానం), ఎవిడెన్స్ (సాక్ష్యాల చట్టం) కోర్సులు పూర్తయి ఉండాలి, లేదా చదువుతూ ఉండాలి. ఎవిడెన్స్ చాలామంది రెండో ఏడాదిలో చదివే కోర్సు, తొందరగా నిండిపోతుంది కూడా. ఆలస్యంగా నమోదయ్యే ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి అది దొరక్కపోతే క్లినిక్ సీటున్నా ఫైళ్లు సర్దే పనే మిగులుతుంది. అడగాల్సిన మొదటి ప్రత్యేక అనుమతి ఎవిడెన్స్‌లో సీటు కోసమే అన్నది మా గట్టి అభిప్రాయం.

ప్రయోజనాల సంఘర్షణ కూడా ముందే చూసుకోవాలి. వేసవిలో ప్రాసిక్యూటర్ ఆఫీసులో పనిచేసి, అదే జిల్లాలో క్రిమినల్ డిఫెన్స్ క్లినిక్‌లో చేరాలంటే, ఏయే కేసులు ముట్టుకున్నారో చెప్పాలి. ఆ జాబితా వేసవిలోనే రాసిపెట్టుకోవాలి. క్లయింట్ల రహస్యాలు అందులో ఉండకూడదు.

ఫీల్డ్ ప్లేస్‌మెంట్‌లో ఒక క్రెడిట్‌కు సుమారు 42.5 గంటల పని. నాలుగు క్రెడిట్లంటే 170 గంటలు. 13 వారాల సెమిస్టర్‌లో వారానికి 13 గంటలు, దాదాపు రెండు పనిదినాలు. అందుకని వారంలో రెండు రోజులు పూర్తిగా ఖాళీ ఉండేలా మిగతా క్లాసులు అమర్చుకోవాలి. ఇక్కడే ఇంకో లెక్క కాచుకుని ఉంటుంది. 83లో కనీసం 64 క్రెడిట్లు తరగతి గదిలో, లేదా అధ్యాపకుల ప్రత్యక్ష బోధనలో రావాలి. ఫీల్డ్ ప్లేస్‌మెంట్, లా జర్నల్, మూట్ కోర్టు (నమూనా వాదనల పోటీ) క్రెడిట్లు ఆ 64లోకి రావు. మూడూ ఆశగా మీదేసుకునేవాళ్లు మూడో ఏడాదిలో ఇక్కడ ఇరుక్కుంటారు. అలాగే ఒకే కోర్సును రెండు తప్పనిసరి షరతులకు వాడుకోనివ్వరు. పెద్ద వ్యాసం రాయించే సిమ్యులేషన్ కోర్సును డిగ్రీకి తప్పనిసరైన రచన షరతు కింద చూపిస్తే, 6 అనుభవ క్రెడిట్ల కింద మళ్లీ చూపించలేరు.

న్యూయార్క్‌లో ప్రాక్టీసు చేయాలనుకునేవాళ్లకు ఆ 6 క్రెడిట్లతోనే పని తీరకపోవచ్చు. అక్కడి బార్‌కు, అంటే లాయరుగా నమోదుకు, వేరే నైపుణ్యాల షరతుంది. దాన్ని తీర్చే దారుల్లో ఒకటి 15 క్రెడిట్ల ప్రాక్టికల్ కోర్సులు, మరొకటి స్కూలు ఇచ్చే ధ్రువీకరణ. కొత్త స్కూలు తన ధ్రువీకరణను మొదటి ఏడాది కోర్సులకు ముడిపెట్టి ఉంటే ట్రాన్స్‌ఫర్ విద్యార్థి పరిస్థితేమిటో డీన్ ఆఫీసును సూటిగా అడగాలి.

“లా రివ్యూ దొరకదు”

ఒక్కో స్కూలుది ఒక్కో పద్ధతి. చాలాచోట్ల ట్రాన్స్‌ఫర్ వాళ్లకు జులై, ఆగస్టుల్లో విడిగా రాత పోటీ పెడతారు. కొన్నిచోట్ల మే నెలలో జరిగే పోటీలోనే, సీటు రాకముందే, దరఖాస్తుదారులను రాయనిస్తారు. గడువు కొన్ని రోజులే ఉంటుంది కాబట్టి దరఖాస్తు పంపిన రోజే జర్నల్ ఎడిటర్లకు ఉత్తరం రాయడం మంచిది.

“ఇంటర్వ్యూలు అయిపోతాయి”

ఒకప్పుడు క్యాంపస్ ఇంటర్వ్యూలు ఆగస్టులో ఉండేవి, ట్రాన్స్‌ఫర్ వాళ్లు అందుకునేవారు. ఇప్పుడు పెద్ద లా సంస్థలు మొదటి ఏడాది వసంతంలోనే సొంత వెబ్‌సైట్ల ద్వారా దరఖాస్తులు తీసుకుంటున్నాయి. కాబట్టి హెచ్చరికలో నిజముంది. దాన్నుంచి తీసిన ముగింపే తప్పు. నేరుగా దరఖాస్తు చేయడానికి క్యాంపస్ ఏదైతేనేం? పాత స్కూలు పేరుతోనే, ఆ ర్యాంకుతోనే దరఖాస్తులు పంపాలి. నిజానికి అప్పటికి ఉన్న బలం ఆ ర్యాంకే. సీటు ఖాయమయ్యాక సంస్థకు రెండు వాక్యాల్లో తెలియజేయాలి. రెజ్యుమేలో రెండు స్కూళ్లూ ఉండాలి, పాత జీపీఏ పాత స్కూలు కిందే ఉండాలి. పాత జీపీఏను కొత్త స్కూలు పేరు కింద రాయడం చిన్న పొరపాటులా కనిపిస్తుంది గానీ, తప్పుడు సమాచారం కిందికి వస్తుంది.

సందేశం చెప్పనిది, చెప్పాల్సింది ఒకటుంది: డబ్బు. ట్రాన్స్‌ఫర్ వాళ్లకు మెరిట్ స్కాలర్‌షిప్పులు అరుదు. పాత స్కూలులో ఉన్నది వదులుకుని పూర్తి ఫీజు కట్టాల్సి రావచ్చు. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ (చదువు ఖర్చంతటికీ ఇచ్చే ఫెడరల్) రుణం లేదు. వృత్తి డిగ్రీలకు ఫెడరల్ రుణం ఏడాదికి 50,000 డాలర్లకు పరిమితం. సీటు డిపాజిట్ కట్టకముందే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు నుంచి రాతపూర్వక లెక్క తెప్పించుకోండి.

“ఎఫ్-1 వాళ్లకు సీపీటీ గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది”

తప్పు. సీపీటీకి ఒక పూర్తి విద్యా సంవత్సరం ఫుల్‌టైమ్ చదువు కావాలి. వీసా హోదా తెగకుండా సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) ద్వారా మారితే పాత స్కూలులో చదివిన ఏడాది ఇందులోకి వస్తుంది. కొన్ని స్కూళ్లు సొంతంగా ఇంకా కఠినమైన నియమం పెట్టుకుంటాయి. అది ఇంటర్నేషనల్ ఆఫీసును అడిగి తెలుసుకోవాలి.

అసలు ప్రమాదం వేరే చోటుంది. సీపీటీ అనుమతి స్కూలుకు, యజమానికి, తేదీలకు కట్టుబడి ఐ-20 (విదేశీ విద్యార్థికి స్కూలు ఇచ్చే అర్హత పత్రం) మీద ఉంటుంది. సెవిస్ రికార్డు కొత్త స్కూలుకు విడుదలైన రోజే పాత స్కూలు ఇచ్చిన సీపీటీ ముగుస్తుంది. విడుదల తేదీ జూన్ 30 అని పెట్టించుకుని, ఆగస్టు 5 దాకా వేసవి ఉద్యోగం చేస్తే, జులై అంతా అనుమతి లేని పని. విడుదల తేదీని ఆఖరి పనిదినం తర్వాత పెట్టించుకోవాలి. కొత్త ఐ-20 రావడానికి తరగతులకు ముందు వ్యవధి మిగలాలి. తరగతులు ఆ విడుదల నాటి నుంచి అయిదు నెలల్లోపు మొదలవ్వాలి. ఈ తేదీని రెండు స్కూళ్ల ఇంటర్నేషనల్ ఆఫీసులకూ ఒకే ఈమెయిల్‌లో రాసి ఖాయం చేసుకోండి.

ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) పోతుంది. రెండు వేసవులు కలిపినా సగం దాటదు కాబట్టి అందుకు కంగారు పడక్కర్లేదు. సైన్స్, టెక్నాలజీ లాంటి డిగ్రీలకు ఇచ్చే స్టెమ్ పొడిగింపు జేడీకి లేదు, ఓపీటీ 12 నెలలే. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల వీసా) మీద చదివేవాళ్లకు సీపీటీ అసలే లేదన్నది మన ఇళ్లలో ఆలస్యంగా తెలుస్తోంది. చదువు ఆపరు గానీ, జీతం వచ్చే వేసవి ఉద్యోగానికి పని అనుమతి ఉండాలి. హోదా మార్పుకు నెలలు పడుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫర్ దరఖాస్తుతో పాటే ఆ సంగతీ తేల్చుకోవాలి.

పాత స్కూలు వదిలేముందు

గుడ్ స్టాండింగ్ ఉత్తరం (చదువులో, నడవడిలో సమస్య లేదన్న పత్రం), ఆఖరి ట్రాన్‌స్క్రిప్టు, ర్యాంకు పత్రం అందరూ తీసుకుంటారు. మొదటి అడ్మిషన్ దరఖాస్తు ప్రతిని దాచుకునేవాళ్లు తక్కువ. ట్రాఫిక్ కేసు, క్రమశిక్షణ చర్య లాంటివి అందులో ఎలా రాశారో ట్రాన్స్‌ఫర్ దరఖాస్తులోనూ, తర్వాత బార్ దరఖాస్తులోనూ అలాగే ఉండాలి. తేడా వస్తే శీల పరిశీలనలో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

న్యూయార్క్ బార్‌కు 50 గంటల ఉచిత న్యాయసేవ చూపించాలి. మొదటి ఏడాది, ఆ వేసవిలో చేసిన గంటలు స్కూలు మారినా చెల్లుతాయి, పర్యవేక్షించిన లాయరు అఫిడవిట్ మీద సంతకం పెడితేనే. రెండేళ్ల తర్వాత ఆ లాయరు ఎక్కడుంటారో వెతుక్కోవాల్సి వస్తుంది. పనిచేసిన ప్రతి చోటికీ విడి అఫిడవిట్ కావాలి, చివరి వారంలోనే సంతకం చేయించుకోండి.