గడియారం చప్పుడుతో మొదలయ్యే పాట

స్వీడన్ పాప్ బృందం 'అబ్బా' పేరెత్తగానే అందరూ 'డాన్సింగ్ క్వీన్' అంటారు. అది గొప్ప పాటే, కాదనను. కానీ 1992లో వచ్చిన 'గోల్డ్' సంకలనంలోని 19 పాటలతోనే వాళ్ల కథ ముగిసినట్టు మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. నాకు ప్రాణమైన పాట ఆ 19లో లేదు.

దాని పేరు 'లైక్ ఏన్ ఏంజెల్ పాసింగ్ త్రూ మై రూమ్'. 1981 నవంబరులో వచ్చిన 'ది విజిటర్స్' ఆల్బమ్‌లో చిట్టచివరి పాట. మొదటిసారి విన్న రాత్రి మా ఇంట్లో అందరూ పడుకున్నారు. చెవుల్లో టిక్ టిక్ మొదలైంది. అది మా గోడ గడియారమేమో అనుకుని హెడ్‌ఫోన్స్ తీసి చూశాను. కాదు, పాటే. ఆ చప్పుడు మీద, తాళం తిప్పితే మోగే బొమ్మపెట్టెలోంచి వస్తున్నట్టు సన్నని సింథసైజర్ స్వరాలు. డ్రమ్ములు లేవు. బృందంలోని ఇద్దరు గాయనుల్లో ఒకరైన ఆగ్నెతా గొంతు కూడా లేదు. ఆరిపోతున్న నిప్పు ముందు ఒంటరిగా కూర్చుని పాత ప్రేమను తలచుకునే మనిషిగా రెండో గాయని ఫ్రీడా ఒక్కతే పాడుతుంది, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా.

ఆ సింథసైజర్ వాయించింది బృందంలోని బెన్నీ ఆండర్సన్. భార్యాభర్తలైన ఫ్రీడా, బెన్నీ విడిపోతున్నట్టు ప్రకటించింది ఆ ఏడాదే. మాటలు రాసిన మరో సభ్యుడు బ్యోర్న్‌కూ ఆగ్నెతాకూ అప్పటికే విడాకులైపోయాయి. ఇదంతా తెలియకముందే నాకు కళ్లు చెమర్చాయి. తెలిశాక ఆ గొంతులోని నిబ్బరం ఇంకా కోత పెట్టింది.

నన్ను అన్నిటికన్నా కదిలించేది మరొకటుంది. ఈ బాణీ పుట్టుకతోనే ఇలా లేదు. ఎన్నో రూపాలు మార్చారు, ఒక దశలో డిస్కో దరువు కూడా వేసి చూశారు. 2012లో ఆ ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ తొలి ప్రయత్నాలను కలిపి వినిపించారు. ఒక్కసారి వినండి. దరువుతోనే ప్రపంచాన్ని గెలిచినవాళ్లు దాన్ని తీసేశారు. ఒక గొంతునూ ఒక గడియారాన్నీ మిగుల్చుకున్నారు. ఎంత ధైర్యం! దీన్ని 'ఆల్బమ్ చివర పెట్టిన చిన్న పాట' అని తేలిగ్గా తీసిపారేసేవారితో నేను ఎప్పటికీ ఒప్పుకోను.

2021లో 'వాయేజ్' వచ్చేదాకా, నలభై ఏళ్లపాటు, అబ్బా చివరి స్టూడియో ఆల్బమ్‌ను ముగించిన పాట ఇదే. ఆ నలభై ఏళ్లూ అభిమానులకు మిగిలింది ఫ్రీడా గొంతూ, ఆ టిక్ టిక్కూ.