కయోటీలను చంపుతూ పోతే మంద దక్కదు

అమెరికా వ్యవసాయ శాఖలోని వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ విభాగం ఇటీవలి సంవత్సరాల్లో గొర్రెల మందల మీద పడతాయని, కుక్క జాతి అడవి జంతువులైన కయోటీలను ఏటా దాదాపు 60 వేలు చంపుతోంది. కొన్నిటిని హెలికాప్టర్ల నుంచి కాలుస్తారు, కొన్నిటికి ఉచ్చులు పన్నుతారు, ఇటీవలి దాకా కొన్నిటికి విషం కూడా పెట్టారు. ప్రైవేటు వేటగాళ్లు చంపేవి వీటికి అదనం. వేటాడే జంతువుల నిర్మూలనకు అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) 1915లోనే డబ్బిచ్చింది, 1931లో ఏకంగా చట్టం చేసింది. వందేళ్ల తర్వాత ఫలితం చూడండి. ఒకప్పుడు పడమటి మైదానాల్లో, ఎడారుల్లో తిరిగిన కయోటీ ఇప్పుడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. ఇవే పద్ధతులతో తోడేళ్లను చాలా ప్రాంతాల్లో తుడిచిపెట్టగలిగారు. తోడేలు ఖాళీ చేసిన చోటల్లా కయోటీ వచ్చి స్థిరపడింది.

మన నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది ఈ జంతువు. పది నుంచి ఇరవై కిలోల బరువుంటుంది. ఎలుకలు, కుందేళ్లు, పండ్లు, చచ్చిన జంతువులు, ఏది దొరికితే అది తింటుంది. దాని వల్ల గొర్రెల రైతు నష్టపోతున్న మాట నిజం. దేశంలో వేటాడే జంతువుల పాలయ్యే గొర్రెల్లో, గొర్రెపిల్లల్లో సగానికి పైగా కయోటీ నోట పడుతున్నవే. అయితే మొత్తం చావుల్లో ఎక్కువ భాగం రోగాలు, చలి, ఈత కష్టాల వల్ల జరుగుతున్నవని కూడా ఆ శాఖ లెక్కలే చెబుతున్నాయి. నష్టం లేదని ఎవరూ అనడం లేదు. దాన్ని ఆపడానికి ఎంచుకున్న దారి మీదే అభ్యంతరం.

చంపినా ఎందుకు తగ్గడం లేదు? కయోటీ గుంపులో సాధారణంగా ఒక్క జంటే పిల్లల్ని కంటుంది. జనవరి, మార్చి మధ్య జతకట్టి, దాదాపు 63 రోజులకు ఐదారు పిల్లల్ని పెడుతుంది. గుంపులో కొన్ని చనిపోతే మిగిలినవాటికి తిండి పెరుగుతుంది. ఏడాది వయసు ఆడవి కూడా ఈనుతాయి, పుట్టిన పిల్లల్లో ఎక్కువ బతుకుతాయి. ఖాళీ అయిన హద్దుల్లోకి ఊరూపేరూ లేని కుర్ర కయోటీలు దిగుతాయి. ఏటా 75 శాతం చంపుకుంటూ పోయినా వీటిని పూర్తిగా తుడిచిపెట్టడానికి యాభై ఏళ్లకు పైగా పడుతుందని 1975లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు లెక్క కట్టారు.

ఏ కయోటీ గొర్రెను చంపుతుందన్నది ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న. కాలిఫోర్నియాలోని హాప్‌లాండ్ పరిశోధన కేంద్రంలో రేడియో కాలర్లు కట్టి ఏళ్ల తరబడి గమనించారు. గొర్రెల మేత తమ హద్దుల్లో ఉన్న ఈనే జంటలే ప్రధానంగా చంపుతున్నాయని తేలింది. గుంపులోని చిన్నవి, హద్దు లేకుండా తిరిగేవి గొర్రెల జోలికి రావడం చాలా తక్కువ. యూటాలో కొన్ని జంటలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలితే, అవి చంపిన గొర్రెపిల్లల సంఖ్య బాగా తగ్గింది. గూట్లో ఆకలితో అరిచే పిల్లలు లేకపోతే పెద్ద వేట అవసరం కూడా తగ్గుతుంది. కనిపించిన ప్రతి కయోటీనీ కాల్చే రైతు, గొర్రెల జోలికి రాని జంటను కూడా చంపుకుంటాడు. ఆ స్థలంలోకి వచ్చే కొత్త జంట ఎలాంటిదో ఎవరికి తెలుసు?

ఇక్కడ అవతలి పక్షం వాదన కూడా చెప్పాలి. యూటా పరిసరాల కొండ మేతల్లో చలికాలంలో హెలికాప్టర్ నుంచి కాల్చితే, ఆ వేసవిలో గొర్రెపిల్లల నష్టం తగ్గిందని 1990ల నాటి అధ్యయనం ఒకటి చూపింది. అది నిజమే. కానీ ఆ ఫలితం ఆ సీజను వరకే. మరుసటి చలికాలం మళ్లీ హెలికాప్టర్ ఎగరాలి, మళ్లీ బిల్లు కట్టాలి.

కంచె ఒకసారి సరిగా వేస్తే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. అందరూ ఎత్తు గురించే ఆలోచిస్తారు గానీ కంచె ఓడిపోయేది ఎక్కువగా కిందే. కయోటీ దూకడం కంటే దూరడానికే ఇష్టపడుతుంది. నాలుగు అంగుళాల సందు దొరికినా తల, ఆ తర్వాత ఒళ్లు పట్టించేస్తుంది. వాన నీరు కోసుకుపోయిన చోట, గేటు కింద, వాగు దాటే చోట కంచెకీ నేలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో వానాకాలంలో వారం వారం చూడాలి. అల్లిక వైరు మెష్ అయితే ఐదున్నర అడుగుల ఎత్తు ఉండాలి, కింది భాగంలో కన్ను వెడల్పు ఆరంగుళాల కంటే, ఎత్తు నాలుగు అంగుళాల కంటే తక్కువ ఉండాలి. అడుగున మరో మెష్ ముక్కను బయటివైపు అడుగున్నర వెడల్పున నేల మీద పరిచి మేకులతో బిగించాలి. తవ్వడానికి వచ్చిన జంతువు కంచె మొదట్లోనే తవ్వుతుంది. కాలి కింద మెష్ తగిలితే వెనక్కి వెళ్లి తవ్వాలన్న ఆలోచన దానికి సాధారణంగా రాదు.

ఉన్న కంచె పాతదైతే, దానికి ఎనిమిది అంగుళాలు బయట, నేలకు ఎనిమిది పది అంగుళాల ఎత్తున ఒక్క కరెంటు తీగ లాగినా చాలా తేడా వస్తుంది. కయోటీ కొత్త వస్తువును ముక్కుతో తడిమి చూస్తుంది. తడి ముక్కుకు షాక్ తగిలితే ఆ చోటును మర్చిపోదు, ఒంటి మీద వెంట్రుకకు తగిలితే దానికి ఏమీ కాదు. అందుకే తీగ ముక్కు ఎత్తులో ఉండాలి, కంచె చివరి కొసలో కూడా కనీసం 3 వేల వోల్టులు, వీలైతే 5 వేలు చూపాలి. మీటరు పెట్టి చూడాల్సింది తీగకు షాక్ పంపే మెషిన్ దగ్గర కాదు, ఆ చివర. గడ్డి తీగకు తగిలితే వోల్టేజి పడిపోతుంది. ఎర్తింగ్ చాలకపోయినా అంతే. ఆరడుగులకు తగ్గని గాల్వనైజ్డ్ రాడ్లు మూడు, ఒకదానికొకటి పదడుగుల ఎడంలో దించాలి. టెక్సస్ వేసవిలో నేల ఎండిపోతే అవీ పట్టవు. బోరు మోటారు ఎర్త్ గుంతలో నీళ్లు పోసే మన రైతుకు ఈ ఇబ్బంది కొత్తది కాదు. అలాంటి నేలల్లో ఒక తీగకు కరెంటు, పక్క తీగ ఎర్తుకు, ఇలా మార్చి మార్చి కట్టాలి. రెండూ ఒకేసారి తగిలితే నేలతో పని లేకుండా షాక్ కొడుతుంది. ఇంకొక మాట: కంచె వేసిన మొదటి రాత్రి నుంచే కరెంటు ఉండాలి. కరెంటు లేని రోజుల్లో దాటడం నేర్చుకున్న కయోటీని తర్వాత ఆపడం చాలా కష్టం.

డాలస్ చుట్టుపక్కల ఐదో పదో ఎకరాలు తీసుకుని మేకలు, కోళ్లు పెంచుతున్న తెలుగు కుటుంబాలు గమనించాల్సింది ఒకటుంది. కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచుతుందే గానీ కయోటీని బయట ఉంచదు, పళ్లతో లాగితే చిరుగుతుంది. అరంగుళం కన్నున్న వెల్డ్ మెష్ వేయాలి, రాత్రి తలుపు మూయాలి. పెంపుడు కుక్క తిండి, రాలిన పండ్లు ఆరుబయట వదలకూడదు. మనిషి దగ్గర తిండికి అలవాటు పడ్డ కయోటీ పగలే పెరట్లోకి వస్తుంది.

కంచె సాధ్యం కాని చోట కుక్క కావాలి. ఇది గొర్రెలను తోలే కుక్క కాదు. గ్రేట్ పిరనీస్, అనటోలియన్ షెపర్డ్, అక్బాష్, మరెమ్మా లాంటి కాపలా జాతులు మందతోనే బతుకుతాయి. ఏడెనిమిది వారాల కూనను గొర్రెల మధ్య పెట్టి, మనిషి చేతికి అలవాటు చేస్తూనే ఇంట్లోకి మాత్రం రానివ్వకూడదు. ఎక్కువ మంది విఫలమయ్యేది ఏడాది వయసు దగ్గర. అప్పటికి కుక్క ఒళ్లు పెరుగుతుంది, బుద్ధి పెరగదు. ఆటగా గొర్రెపిల్లను తరిమి, చెవి కొరికి, ఒక్కోసారి చంపేస్తుంది. ఇది పనికిరాదని అమ్మేస్తారు. అలాంటప్పుడు దాన్ని గొర్రెపిల్లల నుంచి విడదీసి, లెక్కచేయని పెద్ద గొర్రెలతోనో పొగరు పొట్టేలుతోనో కొన్నాళ్లు ఉంచాలి. రెండేళ్లు నిండే దాకా పూర్తి పని ఆశించకూడదు. కంచె ఉన్న మేతలో వంద గొర్రెలకు ఒకటి రెండు చాలు. పొదలు, గుట్టలు ఉంటే ఇంకా కావాలి, ఎందుకంటే ఒక కుక్క ఒకవైపు తరుముతుంటే గుంపులోని రెండో కయోటీ ఇంకోవైపు నుంచి వస్తుంది.

చిన్న మందకు లామా (దక్షిణ అమెరికాకు చెందిన ఒంటె జాతి జంతువు) లేదా గాడిద సరిపోవచ్చు. ఒక్కటే ఉండాలి, రెండుంటే అవి రెండూ ఒకదానితో ఒకటి ఉంటూ గొర్రెలను వదిలేస్తాయి. మగదైతే విత్తు కొట్టించింది కావాలి. పశువుల దాణాలో వేసే మోనెన్సిన్ అనే మందు కలిపిన దాణా గాడిదకు విషం, అది దాని నోటికి అందకూడదు. తోడేళ్లు, ప్యూమాలు (అమెరికా కొండ సింహాలు) ఉన్న చోట ఈ రెండూ తామే వేట అవుతాయి.

ఈత కాలంలో మావిని, చచ్చిన పిల్లలను ఆ పూటే తీసేయాలి. గొర్రె మాంసం రుచి కయోటీకి చాలాసార్లు మొదట తగిలేది ఇక్కడే. శవాన్ని పాతలేకపోతే రెండడుగుల చెక్క పొట్టు పరిచి, పైన మరో రెండడుగులు కప్పితే కంపోస్టు అవుతుంది.

గొర్రె చచ్చి పడి ఉంటే కయోటీయే చంపిందని అనుకోవద్దు. మెడ దగ్గర తోలు ఒలిచి చూడాలి. దవడ వెనక గొంతు మీద పంటి గాట్లు, వాటి చుట్టూ తోలు కింద గడ్డకట్టిన నెత్తురు ఉంటే బతికుండగా పట్టినట్టు. నెత్తురు లేకపోతే చచ్చాక తిన్నట్టు. వెనక కాళ్లు, తోకలు, చెవులు చీరి చాలా గొర్రెలు గాయపడి ఉంటే అది ఊరి కుక్కల పని. కయోటీయేనని తేలి, కంచె, కుక్క ఉన్నా చావులు ఆగకపోతే ఆ మేత హద్దుల్లోని జంటను తొలగించడం సమంజసమే. కిలోమీటర్ల దూరంలో తిరిగే ఏదో కయోటీని కాల్చి లెక్కలో రాసుకోవడం వల్ల ఆ రైతుకు ఒరిగేది లేదు.

కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ 2000లో ఫెడరల్ విభాగంతో ఒప్పందం మానుకుని, ఆ డబ్బును కంచెలకు, కాపలా కుక్కలకు, లామాలకు రైతులతో ఖర్చు పంచుకోవడానికి మళ్లించింది. చిన్న కమతాలు, కంచె వేయగల మేతలు ఉన్న చోట ఇదే దారి. ఐడహో, వయోమింగ్ ప్రభుత్వ భూముల్లో వెయ్యి గొర్రెల మంద రోజుకో కొండ మారుతుంది, అక్కడ కంచె కుదరదు. అక్కడ పనికొచ్చేవి నాలుగైదు కుక్కలు, రాత్రి దడి, మందతో పడుకునే కాపరి. ఆ కాపరుల్లో చాలామంది పెరూ నుంచి తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు, నెలల తరబడి చిన్న బండిలో ఒంటరిగా గడుపుతారు. హెలికాప్టర్ ఇంధనానికి పోసే డబ్బులో కొంత ఆ కాపరి జీతంలోకి, మందకు రెండో కాపరిని పెట్టడానికి వెళ్లాలి.