నర్సు ఇప్పిస్తానన్న బిడ్డ

గుంటూరులో పద్మకు 42, భర్తకు 46. పిల్లల్లేరు. ఒక నర్సు నాలుగు లక్షలకు అప్పుడే పుట్టిన బిడ్డను ఇప్పిస్తానంది. పద్మ తల్లి (శైలజకు పిన్ని) ఒప్పేసుకుంది, శైలజ ఒప్పుకోవడం లేదు, కారా (దేశంలో దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా వెళ్లమంటోంది.

పిన్ని: తప్పేముందే? ఆ తల్లి పెంచలేనంటోంది, వీళ్లు పెంచుకుంటామంటున్నారు, మధ్యలో ఆ నర్సమ్మ కాస్త ఖర్చులు తీసుకుంటుంది. మా మేనమామను దత్తతిచ్చినప్పుడు పీటల మీద కూర్చోబెట్టి ఒడిలో పెట్టారు, అంతే, ఏ కలెక్టరూ రాలేదు.

శైలజ: ఆ దారి ఇప్పటికీ ఉంది పిన్నీ, 1956 హిందూ దత్తత చట్టం అదే. కానీ కన్న తల్లిదండ్రులే స్వయంగా చేతుల్లో పెట్టాలి, పైసా చేతులు మారకూడదు. డబ్బిచ్చి తెచ్చుకుంటే అమ్మినవాళ్లతో పాటు కొన్నవాళ్లకూ జైలే. అసలు ఆ తల్లిని మీలో ఎవరైనా చూశారా?

పిన్ని: చూడలేదు. చూపించరట, తర్వాత గొడవలు రాకుండా. బర్త్ సర్టిఫికెట్‌లో ఏకంగా పద్మ పేరే రాయిస్తారట.

శైలజ: అంటే పద్మక్క కన్నట్టు దొంగ కాగితం. తల్లి నిజంగా ఇచ్చిందో, బిడ్డ చనిపోయిందని చెప్పి ఎత్తుకొచ్చారో నీకెలా తెలుస్తుంది? 2024లో హైదరాబాద్ దగ్గర మేడిపల్లిలో ఏమైంది? ఢిల్లీ నుంచి, పుణె నుంచి తెచ్చి అమ్మిన పసివాళ్లను పోలీసులు పట్టుకుని శిశువిహార్‌కు, అంటే సర్కారు పిల్లల ఆశ్రమానికి, పంపితే, పెంచుకుంటున్న తల్లులు గుండెలు బాదుకున్నారు.

పిన్ని: అదీ చదివాలే. సుప్రీంకోర్టు దాకా వెళ్లి కొందరు తిరిగి తెచ్చుకున్నారుగా!

శైలజ: తెచ్చుకున్నారు. మరి అన్నాళ్లూ ఆ పిల్లలు ఎవరిని అమ్మా అని పిలిచారంటావ్?

పిన్ని: సరే, నీ కారా సంగతి చెప్పు. రిజిస్టర్ చేయించుకోబోతే ఇద్దరి వయసూ కలిపి 85 దాటింది, రెండేళ్లలోపు బిడ్డ రాదన్నారు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకైతే 90 దాకా పర్వాలేదట. పోనీ అనుకున్నా, క్యూలో మూడేళ్లు పైనే అంటున్నారు. పైగా ఎవరో అమ్మాయి ఇంటికొచ్చి వంటగది, బాత్‌రూమ్, బ్యాంకు పాస్‌బుక్కు అన్నీ చూస్తుందట. కన్నవాళ్లను ఎవరైనా ఇలా పరీక్ష పెడతారా?

(ఈ ప్రశ్నకు శైలజ దగ్గర సూటి జవాబు లేదు. ఇది రాస్తున్న నాక్కూడా లేదు.)

శైలజ: పెట్టరు, నిజమే. కానీ ఆ బిడ్డను అప్పటికే ఒకరు వదులుకున్నారు కదా, రెండోసారి ఎవరి ఇంటికి పంపుతున్నారో చూసుకోవద్దా? అమ్మానాన్నలు వచ్చి అప్పగించినా వెంటనే దత్తతకివ్వరు, 60 రోజులు ఆగుతారు, మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. నీ నర్సు ఆ తల్లికి ఎన్ని రోజులిచ్చింది? ప్రసవమైన సాయంత్రమే కదా?

పిన్ని: మూడేళ్ల పిల్లకు అన్నీ గుర్తుంటాయే. పాలు పట్టి పెంచితేనే మనదవుతుంది. ఏ కులమో కూడా చెప్పరట.

శైలజ: నర్సు చెప్పిందా మరి?

పిన్ని: ...మనవాళ్లేనంది.

శైలజ: అది అందరికీ అలాగే చెబుతుంది పిన్నీ! రేపు బిడ్డకు పదిహేనేళ్లొచ్చాక చుట్టాల్లో ఎవడో నోరు జారతాడు, అప్పుడు చూపించడానికి దత్తత ఉత్తర్వు ఉండదు, కన్నది ఎవరంటే చెప్పడానికి ఫైలూ ఉండదు. ఆస్తి దగ్గర మన బాబాయిలే మొదట లేస్తారు, ఈ పిల్ల ఎవరని. కారా ద్వారా వస్తే కలెక్టర్ సంతకంతో ఉత్తర్వు చేతిలో ఉంటుంది, కన్న బిడ్డకున్న హక్కులన్నీ ఉంటాయి.

పిన్ని: లక్ష అడ్వాన్స్ ఇచ్చేశారే, పోయిన శుక్రవారం.

శైలజ: పోతే పోనీ. మిగతా మూడు లక్షలు మాత్రం ఇవ్వొద్దని పద్మక్కకు ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఆ తల్లి నిజంగా ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెబుదాం, బాలల సంక్షేమ కమిటీ వాళ్లు ఆమెతోనే మాట్లాడతారు.

పిన్ని: చెప్పు. నా పేరు మాత్రం ఎత్తకు, ఆ నర్సమ్మ మా వీధిలోనే ఉంటుంది.