చిన్నాయనా, నీ పళ్ళెంలోని ఊరిబిండికి పుట్టినూరు బొలీవియా

ఈమధ్య దక్షిణ అమెరికాలోని బొలీవియా చూసొచ్చాను. నిన్న హైదరాబాద్‌లో మావాళ్ళ గృహప్రవేశం. పంక్తిలో కూర్చుని తింటుంటే మా చిన్నాయన నలుగురికీ వినబడేలా అడిగాడు: "బొలీవియాకు పోయొచ్చినావంటనే! కొకైన్ దేశం గదా, ఎయిర్‌పోర్టులో బ్యాగు విప్పి చూడలేదా?" పంక్తి పంక్తంతా నవ్వింది. పెద్దవాడు కదా అని నోరు మూసుకుని లేచొచ్చేశాను. రాత్రంతా నిద్ర లేదు.

అది కోకా ఆకు చిన్నాయనా, ఆకు! 3,600 మీటర్ల ఎత్తున ఉండే లా పాజ్‌లో దిగిన రాత్రి తల పగిలిపోతుంటే, కడుపులో నీళ్ళు కూడా నిలవకపోతే, నేను బస చేసిన ఇంటి పెద్దావిడ ఆ ఆకులు వేసిన వేణ్ణీళ్ళు తెచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా మంచం పక్కనే కూర్చుంది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, అచ్చం మా అమ్మలాగే. గనుల్లో దిగేవాళ్ళు ఆకలి, ఆయాసం తెలియకుండా ఆ ఆకునే బుగ్గన పెట్టుకుంటారు. అక్కడ సంతలో బస్తాల్లో పోసి చట్టప్రకారమే అమ్ముతారు. దాంట్లో రసాయనాలు పోసి మత్తుమందు చేసేవాడి పాపం ఆ పెద్దావిడకు ఎందుకు చుట్టాలి?

పక్కనున్నాయన "దరిద్రపు దేశంలే" అని అందుకున్నాడు. అక్కడి వెండి గనుల కొండ పొటోసీ చూసి మాట్లాడమనండి. 1545 నుంచి స్పెయిన్‌వాళ్ళు అక్కడి జనంతోనే వెట్టి చేయించుకుని ఆ కొండలో వెండంతా తోడుకుపోయారు. ఇవాళ్టికీ ఆ సొరంగాల్లోకి మనుషులు దిగుతూనే ఉన్నారు. దోచుకున్నవాడు దొర, పోగొట్టుకున్నవాడు దరిద్రుడూనా?

ఇంతకీ ఆ మాట అంటున్నప్పుడు చిన్నాయన వేళ్ళకు ఊరిబిండి, అదే మన సీమ శెనిక్కాయ పచ్చడి, అంటుకుని ఉంది. ఆ శెనిక్కాయ పుట్టిందే బొలీవియా దక్షిణాన, అర్జెంటీనా ఉత్తరాన. అక్కడి కొచబాంబా నగరం సంతలో పచ్చి శెనిక్కాయ పప్పులు రుబ్బి, ఎముకలు వేసి కాచే పులుసు పోశారు నాకు. సోపా దె మనీ అంటారు. పైన సన్నగా తరిగి వేయించిన ఉర్లగడ్డలు. మొదటి గుక్కకే అనంతపురంలో మా వంటిల్లు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పక్క అంగట్లో శెనిక్కాయలు కొంటే, తూచి ఇచ్చాక ఆమె "యాపా, కాసెరీటా" అంటూ ఇంకో గుప్పెడు నా సంచిలో పోసింది. కాసెరీటా అంటే వాడుక బేరాన్ని ముద్దుగా పిలిచే పిలుపు, యాపా అంటే కొసరు. ఇక్కడ సూపర్‌మార్కెట్ల పుణ్యమా అని మనం మరిచిపోయిన కొసరు! భాష రాకపోయినా నాకు అక్కడ పరాయి ఊరనిపించలేదు.

ఈ మంట నాకు కొత్త కాదు. ఇంజనీరింగ్‌లో చేరిన రోజు హాస్టల్ గేటు దగ్గరే ఒకడు అడిగాడు: "సీమనా? మీ ఇంట్లో బాంబులుంటాయా?" ఆ తర్వాత నాలుగేళ్ళూ అదే మాట. కరువుకు ఎండిన చేలు, వేరు బయటికి తీస్తే పట్టుమని పది కాయలు లేని చెట్లు వాళ్ళకు కనబడలేదు. సినిమాలో పేలిన జీపులే కనబడ్డాయి.

ఆ రోజు నా ట్రంకుపెట్టె మోసుకొచ్చింది నువ్వే చిన్నాయనా. ఆ మాట చెవిన పడగానే పెట్టె దించి వాడికి ఎదురుపోయి, "మా ఊరు ఎప్పుడన్నా చూసినావా అబ్బాయ్?" అని నిలదీశావు. వాడు తల దించుకున్నాడు.

నిన్న పంక్తిలో ఆ మాటే నేను నిన్ను అడగాల్సింది.