సూది రాయగడకు చేరుతుంది, డాక్టరు విశాఖలోనే

2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంకల జావ తాగి గిరిజనులు చనిపోయారన్న వార్తతో దేశం ఉలిక్కిపడింది. ఈ రోజు అదే జిల్లా కేంద్రంలో ఆకలిని చంపి బరువు తగ్గించే సూది గురించి తెలుగు ఇళ్లలో మాట్లాడుకుంటున్నారు. ఇది చూసి వెటకారంగా నవ్వేవాళ్లున్నారు. నాకు నవ్వు రాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో మహిళల్లో 18.7 శాతం ఉండాల్సిన బరువు కంటే తక్కువగా ఉంటే, 24 శాతం ఎక్కువగా ఉన్నారు. కొండ మీద ఒక జబ్బు, పట్నంలో మరొకటి. రెండూ నిజమే.

మందు పనిచేస్తుందా అన్నదానిలో అనుమానం లేదు. 2021లో వెలువడిన ప్రయోగంలో సెమాగ్లుటైడ్ అనే ఈ సూది మందు తీసుకున్నవారు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. మరుసటి ఏడాది టిర్జెపటైడ్ అనే మరో సూది మందు గరిష్ఠ మోతాదుతో ఆ తగ్గుదల 21 శాతానికి చేరువైంది. గుండె కవాటాలను దెబ్బతీసి 1997లో అటకెక్కిన ఫెన్‌ఫ్లురమిన్, గుండెపోటు భయంతో 2010లో మార్కెట్ వదిలిన సిబుట్రమిన్ లాంటి పాత బరువు మందుల జాతికి చెందినవి కావు ఇవి. తిన్న తర్వాత పేగుల్లో ఊరే హార్మోనులా నటించి, మెదడులో ఆకలిని అణచి, పొట్ట నెమ్మదిగా ఖాళీ అయ్యేలా చేస్తాయి. ‘నోరు కట్టుకోలేవా’ అని కోడళ్లను దెప్పే అత్తలు ఈ సంగతి ఒకసారి వినాలి.

నా అభ్యంతరం మందు మీద కాదు. సెమాగ్లుటైడ్‌ను 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు వారాలకో మెట్టు చొప్పున పెంచుకుంటూ పోవాలి. వాంతులు, మలబద్ధకం ఎంతవరకు మామూలో, కడుపునొప్పి ఎప్పుడు క్లోమ గ్రంథి వాపుకు సంకేతమో ఎవరో ఒకరు చూస్తుండాలి. రాయగడ, గుణుపురం, జయపురం తెలుగువాళ్లలో చాలామందికి పెద్ద డాక్టరంటే విశాఖ డాక్టరే. ఒకసారి చీటీ రాయించుకుని రైలెక్కితే, మళ్లీ ఆయన ముఖం చూసేది ఎప్పుడో!

అన్నిటికంటే నన్ను భయపెట్టేది షుగరు మాత్ర. యాభై దాటిన ఒక గృహిణిని ఊహించుకోండి. ఏళ్ల తరబడి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దున్నే వేసుకుంటుంది. గ్లిమిపిరైడ్ తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను పిండుతుంది. సూది మొదలైన మూడో వారానికి ఆమెకు ఉప్మా నాలుగు ముద్దలు కూడా దిగవు. మాత్ర మాత్రం పాత మోతాదే. పదకొండింటికి షుగరు మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. ఇంట్లోవాళ్లు నీరసమనుకుని పడుకోబెడతారు, ఆర్‌ఎంపీని పిలిస్తే బీపీ చూస్తాడు. నిజానికి సూది మొదలుపెట్టిన రోజే ఆ మాత్రను తగ్గించాలేమో డాక్టరు చూసి ఉండాల్సింది. ఇన్సులిన్ వాడేవారి విషయంలోనూ ఇంతే.

తినే కాస్తలో ఏముందన్నది ఇంకో చిక్కు. బరువుతో పాటు కండ కూడా కరుగుతుంది. గుప్పెడు అన్నం, చారుతో సరిపెట్టుకునే మనిషికి పప్పు, గుడ్డు, చేప ముందు తినమని చెప్పేవాళ్లు కావాలి. ఇక పెళ్లి కుదిరేలోపు సన్నబడాలని ఆడపిల్లలకు వేయిస్తే అది మరీ ప్రమాదం. గర్భం అనుకోవడానికి కనీసం రెండు నెలల ముందే సెమాగ్లుటైడ్ ఆపాలి. పెళ్లయిన నెలకే విశేషమేమైనా ఉందా అని అడిగే మన ఇళ్లలో ఆ రెండు నెలలు ఎవరిస్తారు? ఇంకా వాడని సూది పెన్నును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే పారేయాల్సిందే. చల్లగా ఉంటుందని ఐసు ముక్కల మధ్య పెట్టి తెచ్చేవాళ్లకు ఆ సంగతి తెలియదు.

ఖర్చు అడ్డుగోడగా ఉన్నన్నాళ్లు ఇదంతా కొద్దిమంది గొడవే. 2025 మార్చిలో టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో మన దేశానికి వచ్చినప్పుడు తొలి మోతాదు సూది ఒక్కటే 3,500 రూపాయలు, నెలకు 14 వేలు. అయితే దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ సహా పలు కంపెనీలు చవక రకాలకు ముందునుంచే సిద్ధమయ్యాయి. ధర దిగితే సరిహద్దు పట్నాల మందుల షాపుల్లో చీటీ అడిగే నాథుడు ఉంటాడని నేను నమ్మను. చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ ఎలా దొరుకుతున్నాయో అందరూ చూస్తున్నదే.

చవకైనా జేబులోంచే పెట్టాలి. ఒడిశా ఆరోగ్య కార్డు ఆసుపత్రిలో చేరినవారికి, ఆంధ్ర కార్డు ఆంధ్ర వాసులకు. అప్పుచేసి ఆరు నెలలు వాడి, డబ్బు చాలక ఆపేస్తే? పెద్ద ప్రయోగంలోనే మందు మానిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. పోయిన కండ అంత తేలిగ్గా రాదు. ఎన్నాళ్లు వాడగలరని అడగకుండా చీటీ రాసే డాక్టరు సగం పనే చేసినట్టు.

విశాఖ డాక్టర్లు కొండెక్కి రారు, రావాలని అడగడమూ దండగ. వాళ్లు చేయగలిగింది, మోతాదు ఎప్పుడు పెంచాలో, ఏ మాత్ర తగ్గించాలో, ఏం జరిగితే ఆసుపత్రికి పరుగెత్తాలో తెలుగులో ఒక కాగితం మీద రాసివ్వడం. ఆ కాగితం పట్టుకుని వెళితే బరువు, షుగరు, బీపీ నెలకోసారి చూసే పని జిల్లా ఆసుపత్రులు చేయాలి. అందుకు కొత్త విభాగం అక్కర్లేదు. షుగరు రోగుల రిజిస్టరులో ఇంకో గడి గీస్తే చాలు.