మ.రా.రా.శ్రీ లాక్ హాస్పిటల్ దొరవారి సముఖమునకు

అయ్యా,

నిన్న ఓ పెద్దాసుపత్రిలో సుఖవ్యాధికిచ్చే బూడిదరంగు మందుల కిట్టు నా చేతిలో పెడుతూ, వరండా అంతా వినబడేలా "ఎన్నాళ్లనుంచమ్మా ఈ జబ్బు?" అని అడిగారు. అంటించిన మహానుభావుడు బయట బండిమీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన్ని లోపలికి పిలవాలని ఎవరికీ తోచలేదు. తమరు గుర్తొచ్చారు, తెల్లదొరల కాలంలో సుఖవ్యాధి ఉన్న ఆడవాళ్లను తాళం వేసి ఉంచిన ఆసుపత్రి తమరే కదా. తమరిని నిలబెట్టిన చట్టం 1888లోనే రద్దయిందట. నమ్మబుద్ధి కాలేదు.

ఏం వైభోగమండీ తమరిది! తెల్ల సిపాయికి సవాయి, అదే సుఖవ్యాధి, తగిలితే పట్టుకొచ్చేది బజారు ఆడవాళ్లని. 1864 కంటోన్మెంటు చట్టం, ఆపైన 1868 అంటువ్యాధుల చట్టం. పేరు రిజిస్టరుకెక్కించి, చేతికో టికెట్టిచ్చి, వాయిదాకి పరీక్షకు రమ్మన్నారు. రాకపోతే శిక్ష. జబ్బుందంటే, తగ్గిందని డాక్టరు రాసేదాకా తమరి గోడల మధ్యే. వైద్యమా, పాదరసం. నోరు పూసి, చొంగ కారి, పళ్లు కదిలేవి. సిఫిలిస్‌కి పెన్సిలిన్ వాడింది 1943లో కదా, మందు లేకపోవడం తమరి తప్పు కాదులెండి.

మరి సిపాయి సంగతో? బ్రిటన్ సైన్యంలో మగవాళ్లకు అలాంటి తనిఖీ ఉండేది. వాళ్ల పరువు పోతోందని 1859లో ఆపేశారు. అయిదేళ్లు తిరిగేసరికి, 1864లో, అక్కడే ఆడవాళ్లను పరీక్షబల్ల ఎక్కించే చట్టం! బల్ల అదే, కాళ్లు మారాయి. పరువు సిపాయికే ఉంటుందన్నమాట. ఆమెకు నయం చేసి పంపడం, వాడు మళ్లీ అంటించడం, ఆమెనే మళ్లీ లాక్కురావడం. చిల్లుకుండకు నీళ్లు మోసినట్టు ఏళ్లతరబడి ఇదే సర్కారీ కొలువు.

ఆడవాళ్ల హక్కులకోసం నిలబడ్డ ఇంగ్లండు ఆవిడ జోసఫిన్ బట్లర్ లాంటివాళ్లు పోరాడగా 1886లో అక్కడి చట్టాలు పోయాయి. అదే ఏడు ఇక్కడి సైన్యం పైఅధికారులు సర్క్యులర్ పంపారు, రెజిమెంటు బజార్లలో చాలినంతమంది ఆడవాళ్లు ఉండాలని, చూడ్డానికి బాగుండాలని. సరుకు ఇండెంటు పెట్టినంత తేలిగ్గా!

ఇక దొరవారూ లేదు, సముఖమూ లేదు. సిపాయి జబ్బుని వెయ్యికింతమంది అని అంకెల్లో దాచిపెట్టావు. ఆడదానికి మాత్రం పేరు రాశావు, టికెట్టు ఇచ్చావు, తాళం వేశావు. ఆమెకు అంటించినవాడి టికెట్టేదిరా?