ఆయాసం లేని రోజున వాడాల్సిన మందు

ఏటా జూన్‌లో మృగశిర కార్తె రాగానే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం వేల మంది బారులు తీరతారు. వాళ్లలో అరవై దాటినవాళ్లు ఎందరో. కొర్రమీను పిల్ల నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టి మింగిస్తే ఉబ్బసం తగ్గుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఆ వాదన చాలాసార్లు జరిగింది, మళ్లీ తవ్వను. నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే. వరుసగా మూడేళ్లు రమ్మంటే వస్తారు. నలభై అయిదు రోజులు పథ్యం చేయమంటే చేస్తారు. అదే మనిషి డాక్టరు రాసిచ్చిన ఇన్హేలర్‌ని మాత్రం మూడు వారాలు తిరక్కుండానే ‘ఇప్పుడు బాగానే ఉందిగా’ అని బీరువాలో పడేస్తాడు. కాబట్టి పెద్దవాళ్లకు ఓపిక లేదనడం అన్యాయం. ఆయాసం లేని రోజున కూడా మందు ఎందుకు పీల్చాలో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లే లేరు.

ఆస్తమా అంటే ఆయాసం వచ్చిన రాత్రి మాత్రమే ఉండే జబ్బు కాదు. ఊపిరి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొంత వాచి ఉంటుంది. జలుబో, పొగో, దుమ్మో తగిలిన రోజున అవి బిగుసుకుపోతాయి. సాల్బుటమాల్ పంపు ఆ బిగువును కాసేపు వదిలిస్తుంది, వాపు జోలికి వెళ్లదు. వాపు తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. అందుకే సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావద్దని ఆస్తమాపై అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే గినా 2019లో తేల్చి చెప్పింది. కానీ మన దగ్గర స్టెరాయిడ్ అన్న మాట వినగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. తీరా ఆయాసం ముదిరాక ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే ఇంజెక్షన్‌లో ఉండేదీ చాలాసార్లు స్టెరాయిడే. ఇన్హేలర్‌తో రోజుకు లోపలికి వెళ్లేది సాధారణంగా కొన్ని వందల మైక్రోగ్రాములు. ఆయాసం ముదిరినప్పుడు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రలు రోజుకు నలభై మిల్లీగ్రాములు, అంటే నలభై వేల మైక్రోగ్రాములు. మందులు వేరే అయినా తేడా ఎంతో ఊహించుకోవచ్చు. షుగరున్న ముసలాయనకు ఏటా నాలుగుసార్లు ఈ పెద్ద మోతాదు పడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అలవాటైపోతుందని ఇన్హేలర్‌కి భయపడి తెచ్చుకునేది దీన్నే.

మందు కొన్నా అది ఊపిరితిత్తుల దాకా వెళ్తోందా అన్నది మరో ప్రశ్న. కీళ్లు బిగుసుకున్న వేళ్లతో పంపు నొక్కడం కష్టం. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరక మందు సగం నాలుక మీదే పడుతుంది. పొడి మందు పరికరాలకు గట్టిగా పీల్చే శక్తి కావాలి, డెబ్భై ఏళ్ల గుండెల్లో అది ఒక్కోసారి ఉండదు. పరికరంలో వేసి పీల్చాల్సిన క్యాప్సూల్‌ని నీళ్లతో మింగేసేవాళ్లూ ఉన్నారు. నవ్వొచ్చే విషయం కాదిది, చీటీలో ‘రోజుకు రెండు’ అని మాత్రమే రాస్తే ఎవరైనా మింగుతారు. పంపుకి స్పేసర్ అనే బోలు గొట్టం తగిలిస్తే నొక్కడం, పీల్చడం ఒకేసారి జరగాలన్న ఇబ్బంది చాలావరకు పోతుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మితే నాలుక మీద తెల్ల పూత రాదు. ఇదంతా నేర్పడానికి పది నిమిషాలు చాలు. మన ఓపీల్లో దొరకనిది ఆ పది నిమిషాలే.

నా దృష్టిలో పెద్దవాళ్ల విషయంలో అన్నిటికన్నా ముందు వెతకాల్సిన చోటు వాళ్ల మందుల కవరు. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా జబ్బుకి వేసే టిమొలాల్ చుక్కలు కంట్లోంచి ముక్కులోకి దిగి, రక్తంలో కలిసి ఊపిరి గొట్టాలను బిగించగలవు. చేతి వణుకుకి వాడే ప్రొప్రనొలాల్ కూడా అంతే. పెద్దయ్యాక ఆస్తమా మొదలైనవాళ్లలో కొందరికి ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు పడవు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి చాలాసార్లు ఈ రకం మాత్రలే. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వల్ల కొందరికి పొడి దగ్గు వస్తుంది, దాన్ని ఆస్తమా అనుకుని మందు పెంచుతారు. కంటి డాక్టరుకి ఆస్తమా సంగతి, ఛాతీ డాక్టరుకి కంటి చుక్కల సంగతి చెప్పేవాళ్లు ఉండరు. వీటిలో దేన్నీ సొంతంగా ఆపేయకూడదు. కవరు మొత్తం తీసుకెళ్లి ఒకే డాక్టరు ముందు గుమ్మరించాలి.

మరో చిక్కుంది. వయసు పెరిగేకొద్దీ ఊపిరి అందకపోవడం తెలియడమే తగ్గుతుంది. గొట్టాలు బాగా మూసుకుపోయాక గానీ మనిషికి తెలియదు. తెలిసినా ‘వయసు మీద పడింది కదా’ అనుకుని మెట్లెక్కడం మానేస్తారు. పెద్దాయన గుడికి వెళ్లడం ఎందుకు మానేశాడో ఇంట్లో ఎవరూ అడగరు. అందుకే గట్టిగా ఊదితే గాలి ఎంత వేగంగా బయటికొస్తోందో అంకెలో చూపే పీక్ ఫ్లో మీటర్ విలువైనది, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. తన మామూలు అంకెలో ఎనభై శాతం కంటే కిందికి దిగితే జాగ్రత్త పడాలి, సగానికి తగ్గితే ఆసుపత్రికి బయల్దేరాలి. అయితే కాళ్లు వాచి, పడుకుంటే ఆయాసం ఎక్కువైతే అది గుండె జబ్బు కావచ్చు. దశాబ్దాల పాటు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న అమ్మమ్మకి ఉన్నది సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు శాశ్వతంగా కుంచించుకుపోయే జబ్బు కావచ్చు. అది తేలాలంటే ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించాల్సిందే.

ఇక సాంబ్రాణి, దోమల కాయిల్, తిరగమోత ఘాటు, దీపావళి బాణసంచా, ఇవన్నీ అందరికీ తెలిసినవే. పెద్దవాళ్ల గదిలోనే కాయిల్ వెలిగించి తలుపు వేయడం మాత్రం ఇంకా మానలేదు. వైరల్ జ్వరాలు వానలతోపాటే వస్తాయి కాబట్టి ఫ్లూ టీకా జూన్‌కి ముందే వేయించాలి, న్యుమోనియా రాకుండా వేసే న్యూమోకాకల్ టీకా గురించీ డాక్టరుని అడగాలి.

అంతర్జాతీయ అంచనాల ప్రకారం ప్రపంచ ఆస్తమా రోగుల్లో మన దేశం వాటా 13 శాతం, మరణాల్లో 40 శాతానికి పైనే. ఈ తేడాకి జబ్బు తీవ్రతని నిందించి లాభం లేదు. బీపీ, షుగరు మాత్రలు ఇప్పుడు పల్లెల్లోనూ నెలనెలా ఉచితంగా అందుతున్నాయి. బుడెసొనైడ్ ఇన్హేలర్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అరలో కనిపించడం అరుదు. పింఛను డబ్బుతో దాన్ని కొనుక్కునే మనిషి రెండుసార్లు పీల్చమన్నచోట ఒక్కసారే పీలుస్తాడు, నెలకు రావాల్సిన డబ్బాని రెండు నెలలు సాగదీస్తాడు. డాక్టరు అడిగితే ‘వాడుతున్నానండీ’ అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు.